అన్నయ్యను బూత్‌లో పక్కన కూర్చోబెట్టేశారు. మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి ఓటు లేదా?

తెనాలి_చెల్లి

మా అన్నయ్యకి 41 ఏళ్ళు. 22వ ఏట స్కిజోఫ్రీనియా అని తేలింది. రెండుసార్లు ఆసుపత్రిలో ఉన్నాడు, రెండోసారి ఉండి పదేళ్ళు దాటింది. ఇప్పుడు రోజూ రాత్రి మాత్ర వేసుకుంటాడు, నెలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్తాడు, పొలం దగ్గర మోటారు చూసుకుంటాడు, పేపరు అక్షరం వదలకుండా చదువుతాడు. మా నియోజకవర్గంలో ఎవరెవరు పోటీలో ఉన్నారో నాకంటే తనకే బాగా తెలుసు.

2024 మే 13న అమ్మ, నేను, అన్నయ్య కలిసి ఓటుకి వెళ్ళాం. స్లిప్పు ఉంది, కార్డు ఉంది. లోపలికి వెళ్ళాక ఏజెంట్లలో ఒకాయన, మా వీధాయనే, "ఇతనికి బాగోదు కదండీ, సదరం సర్టిఫికెట్ మీద వికలాంగుల పెన్షన్ కూడా వస్తుంది, ఇతనికి ఓటెందుకు" అన్నాడు. ఆఫీసరు కాసేపు అటూ ఇటూ చూసి "పక్కన కూర్చోబెట్టమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. మేమిద్దరం వేసి వచ్చాం. అన్నయ్య ఆ కుర్చీలోనే ఉన్నాడు. లోపలికి వచ్చే ప్రతివాళ్ళూ తననే చూస్తున్నారు. అరగంట తర్వాత తనే లేచి "పదండి, పోదాం" అన్నాడు. దారిలో నా వేలి మీద సిరా వంక ఒకసారి చూశాడు. ఆ పూట అన్నం తినలేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మాకు సర్పంచ్ ఎన్నికలు రాబోతున్నాయి. మొన్న ఓటరు జాబితా చూసే బీఎల్‌వో ఇంటికొస్తే అమ్మే "వాడి పేరు తీసెయ్యండి బాబూ, మళ్ళీ ఆ అవమానం వద్దు" అంది. నేను అడ్డుపడ్డాను. అన్నయ్యని అడిగితే "నాకెందుకులే" అంటున్నాడు. చట్టం ఏమంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి. తనని మళ్ళీ తీసుకెళ్ళడం సరైందేనా, అది కూడా చెప్పండి.

గోదారి_గట్టు

చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఏ పార్టీ ఏజెంటో అనవసరం, వీధాయనే అన్నారు చూడండి, అక్కడే మనసు చివుక్కుమంది.

సూర్యాపేట_88

తప్పుగా అనుకోవద్దు. మతిస్థిమితం లేనివాళ్ళకి ఓటు ఉండదని బడిలో సాంఘికశాస్త్రంలో చదివినట్టు గుర్తు. రాజ్యాంగంలోనే ఉంది కదా?

వకాల్తా_నామా

ఉంది, కానీ బళ్ళో సగమే చెబుతారు. 326వ అధికరణం 18 ఏళ్ళు నిండిన పౌరులందరికీ ఓటు ఇస్తుంది. ఏయే కారణాల మీద చట్టం దాన్ని కాదనవచ్చో కూడా చెబుతుంది. అందులో మతిస్థిమితం లేకపోవడం ఒకటి. ఆ చట్టం 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం. దాని 16వ సెక్షన్ ఒక్క షరతుతో ఆగలేదు. మతిస్థిమితం లేకపోవాలి, పైగా ఆ సంగతి అధికారం ఉన్న కోర్టు ప్రకటించి ఉండాలి. రెండూ ఉంటేనే పేరు పోతుంది. డాక్టరు చీటీ కోర్టు కాదు. సదరం బోర్డు కోర్టు కాదు. పెన్షన్ పుస్తకం కోర్టు కాదు.

ఆ తర్వాత 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన ఆ మనిషిని మతిస్థిమితం లేనివాడిగా లెక్కగట్టకూడదు, కోర్టు ప్రకటిస్తే తప్ప, అని 3వ సెక్షన్‌లోనే రాసిపెట్టారు.

ఇరవై ఏళ్ళుగా జిల్లా కోర్టులో ఉన్నాను. ఆస్తి కోసం, బ్యాంకు డబ్బు కోసం గార్డియన్‌ని పెట్టమని వచ్చినవాళ్ళని చూశాను. ఒకరి ఓటు తీసేయడానికి ఉత్తర్వు కావాలని వచ్చినవాళ్ళని ఒక్కరిని కూడా చూడలేదు. ఓట్లు పోయేది కోర్టుల్లో కాదు, ఇలా కుర్చీల్లో కూర్చోబెట్టినప్పుడే.

సూర్యాపేట_88

అయితే ఇన్నేళ్ళూ తప్పే నమ్మాను. మా బాబాయిని మేం ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. కార్డు బీరువాలోనే ఉంది.

నిక్కచ్చి_మనిషి

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండోవైపు చెబుతా. తెనాలి చెల్లెమ్మ అన్నయ్య లాంటివాళ్ళ గురించి నాకేం పేచీ లేదు, వేయాల్సిందే. కానీ మా పక్కింట్లో ఒకతను ఉన్నాడు. ఇవాళ ఏ వారమో తెలీదు. పోయిన ఎన్నికల్లో వాళ్ళ బావమరిది చెయ్యి పట్టుకుని మెషీన్ దాకా తీసుకెళ్ళి తనే నొక్కించాడట, బయటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు. అది అతని ఓటా, బావమరిది రెండో ఓటా? ప్రోత్సహించండి అనడం తేలిక. దాన్ని వాడుకునేవాళ్ళ సంగతేంటి?

ఇద్దరు_పిల్లల_అమ్మ

వాడుకునేవాళ్ళ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మా పెద్దబ్బాయికి జబ్బుంది. మా వీధిలో డబ్బు పంచినప్పుడు ఇంట్లో నాలుగు ఓట్లని లెక్కగట్టి నాలుగు కవర్లు పట్టుకొచ్చారు. వాడికి బాగోదన్న సంగతి అప్పుడు ఒక్కరికీ గుర్తు రాలేదు. మేం తీసుకోలేదు, అది వేరే సంగతి. ఆ రోజు వాడి ఓటుకి ఉన్న విలువ పోలింగు రోజున ఎందుకు లేకుండా పోతుంది?

గోదారి_గట్టు

నిక్కచ్చి గారూ, నొక్కింది బావమరిది. మీరు శిక్ష వేస్తానంటున్నది పక్కింటతనికి. మామగారు చెప్పిన గుర్తుకే గుద్దే కోడళ్ళు మా ఊళ్ళో బోలెడుమంది. వాళ్ళ పేర్లూ కొట్టేద్దామా?

నిక్కచ్చి_మనిషి

పోలిక కుదరదు. కోడలు లోపలికి వెళ్ళాక మామగారికి తెలియకుండా వేరే గుర్తు నొక్కగలదు. ఆ మార్గం ఆమెకి ఉంది. పక్కింటతనికి లేదు.

రిటైర్డ్_మాస్టారు

ఏడు ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసరుగా పనిచేశాను. ఇక్కడ నేను మాట్లాడాలి.

పోలింగు ఏజెంటు ఒక ఓటరు మీద అభ్యంతరం చెప్పగలిగేది ఒకే ఒక్క విషయంలో. "ఈ మనిషి ఆ పేరుగల మనిషి కాదు" అని. దానికి 2 రూపాయలు కట్టి సవాలు చేయాలి. మేం విచారిస్తాం. మనిషి అతనే అని తేలితే ఓటు వేయనివ్వాలి. అతని తెలివి ఎంత, జబ్బేంటి, మందేంటి అని అడిగే అధికారం ఏజెంటుకి లేదు, నాకూ లేదు. మీ అన్నయ్య విషయంలో ఆ ఏజెంటు 2 రూపాయలు కట్టాడా? కట్టడు, ఎందుకంటే మనిషి అతనేనని ఆయనే చెప్పాడు కదా! అక్కడితో మాట అయిపోవాల్సింది. ఆ ఆఫీసరు చేసింది తప్పు.

ఈ మాట అనడానికి నాకు ఒక కారణం ఉంది. 2009లో నా బూత్‌కి ఒకావిడ వచ్చారు. తనలో తను మాట్లాడుకుంటున్నారు. లైనులో ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. నేను మర్యాదగానే "రద్దీ తగ్గాక రామ్మా" అన్నాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. సాయంత్రం లెక్క రాసేటప్పుడు చూస్తే ఆవిడ పేరు పక్కన టిక్కు లేదు. ఆవిడ మళ్ళీ రాలేదు. ఇప్పటికీ ఆ వరస సంఖ్య నాకు గుర్తుంది.

ఇక బావమరిది సంగతి. తోడు మనిషిని లోపలికి పంపే నిబంధన 49ఎన్. చూపు లేనివాళ్ళకి, శరీరంలో బలహీనత వల్ల గుర్తు పోల్చుకోలేని, మీట నొక్కలేని వాళ్ళకి మాత్రమే అది. తోడు వచ్చేవాళ్ళకి 18 నిండాలి, ఆ రోజు ఒక్కరికే తోడు వెళ్ళాలి, రహస్యం కాపాడతానని ప్రకటన మీద సంతకం పెట్టాలి. మానసిక జబ్బు అనే మాట అందులో లేదు. అంటే ఆ బావమరిది మెషీన్ చుట్టూ పెట్టే అట్ట దాటి లోపలికి పోవడమే నిబంధనకి విరుద్ధం. నిక్కచ్చి గారు చెప్పింది నిజంగా జరిగిన అన్యాయమే. అది మా సిబ్బంది కళ్ళు మూసుకోవడం వల్ల జరిగింది, ఓటరుకి ఓటుండటం వల్ల కాదు.

నిక్కచ్చి_మనిషి

ఆ నిబంధన నాకు తెలీదు మాస్టారూ. ఆ మేరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక్కడినీ లోపలికి పంపితే ఏం చేయాలో తెలియక బయటికొచ్చేవాళ్ళ మాటేంటి?

వకాల్తా_నామా

వస్తే రానివ్వండి. 1951-52 ఎన్నికల్లో అక్షరం రాని కోట్లమందికి గుర్తులు చూపించి ఓటు ఇచ్చిన దేశం ఇది. ఓటుకి తెలివి పరీక్ష పెట్టకూడదని అప్పుడే తేల్చుకున్నాం. ఇప్పుడు ఒక్క జబ్బువాళ్ళకే ఆ పరీక్ష ఎందుకు?

లిథియం_900

రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. నాకు బైపోలార్, అంటే మనసు ఒకసారి మరీ పైకి, ఒకసారి మరీ కిందికి పోయే జబ్బు. హైదరాబాద్‌లో అకౌంట్స్ పని చేస్తాను. మందు వేసుకునే మనిషి వైపు నుంచి నాలుగు మాటలు.

మా ఇబ్బంది ఓటు ఎవరికి వేయాలో తెలియకపోవడం కాదు. రాత్రి మాత్ర వేసుకుంటే తెల్లారి తొమ్మిదిన్నర దాకా తల బరువుగా ఉంటుంది. అందరూ ఏడింటికే వెళ్ళి వచ్చేస్తారు, నేను లేచేసరికి ఎండ ముదురుతుంది. ఈ జబ్బుకి ఇచ్చే లిథియం మాత్ర వాడేవాళ్ళకి ఎండ మామూలు సంగతి కాదు. చెమట పట్టి ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తంలో మందు పెరిగిపోతుంది. చేతులు వణుకుతాయి, వాంతులు, తూలు. మే నెలలో గంటన్నర లైనులో నిలబడటమంటే నాకు భయమే. 2024లో మా డాక్టరుని అడిగి ముందురోజు రాత్రి మాత్ర రెండు గంటలు ముందు వేసుకున్నాను. పొద్దున్నే నీళ్ళ బాటిల్ పట్టుకుని వెళ్ళాను. అంతే తప్ప ఓటు కోసమని మాత్ర మానేయొద్దు, ఎవరూ ఆ పని చేయొద్దు.

ఇంకోటి. ఎన్నికల ముందు నెల మాకు కష్టకాలం. రాత్రి రెండింటిదాకా టీవీ చర్చలు, ఫోన్ నిండా వీడియోలు, నిద్ర చెడిపోతుంది. నిద్ర చెడితే నా జబ్బు తిరగబెడుతుంది. 2014లో అలాగే జరిగింది. వీధి వీధి తిరిగి ప్రచారం చేశాను, నెల జీతం జెండాలకి పెట్టాను, పోలింగు నాటికి ఆసుపత్రిలో ఉన్నాను. అందుకే మమ్మల్ని రాజకీయాల్లోకి రమ్మనేవాళ్ళు నిద్ర సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు నేను రాత్రి తొమ్మిది దాటితే వార్తలు చూడను. పొద్దున పేపరు చాలు.

2018 డిసెంబరు 7 నాకు బాగా గుర్తు. అంతకు నాలుగు నెలల ముందే డిశ్చార్జి అయ్యాను. ఏటీఎం కార్డు ఇంట్లోవాళ్ళ దగ్గర. ఆఫీసులో నేను చేసిన ప్రతి లెక్కా ఇంకొకరు సరిచూస్తారు. ఇంట్లో అన్నం కూడా అడక్కుండానే వడ్డించేస్తారు. వాళ్ళ తప్పేం లేదు, భయపడిపోయి ఉన్నారు. ఆ అట్ట వెనక నిలబడినప్పుడు మాత్రం నన్నెవరూ సరిచూడలేదు. అంతకు ముందు కొన్ని నెలలు నా బుర్రే నాకు అబద్ధాలు చెప్పింది. అందుకని మీట నొక్కాక నేను అనుకున్నదే నొక్కానా అని అనుమానం వచ్చింది. పక్కన అద్దం వెనక స్లిప్పు ఏడు సెకన్లు కనిపిస్తుంది కదా. నేననుకున్న గుర్తే. ఏడు సెకన్లూ దాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఇద్దరు_పిల్లల_అమ్మ

ఆ చివరి మాటలు మావాడికి చదివి వినిపించాను. "ఇంకోసారి చదువు" అన్నాడు.

నిదానం_నిదానం

అందరూ మంచి మాటలే చెబుతున్నారు. నాది చిన్న హెచ్చరిక. మా అక్క విషయంలో మేం అతి చేశాం. ఎవరో అవగాహన సదస్సులో చెప్పారని, ఓటు వేయాల్సిందేనని ఇల్లంతా వెంటపడ్డాం. ఆమెకి జనం గుంపు చూస్తే గుండెదడ. లైనులో నిలబడలేక కూలబడిపోయింది. ఆ తర్వాత ఏడాదిపాటు గుమ్మం దాటలేదు.

ఓటు హక్కు. వేయకపోవడం కూడా ఆమె ఇష్టమే కదా? "నాకెందుకులే" అన్న మనిషి ఎందుకన్నాడో ముందు అడగండి.

గోదారి_గట్టు

ఇష్టం అన్నది తలుపు తెరిచి ఉన్నప్పుడు చెప్పాల్సిన మాట. తెనాలి అన్నయ్య ఇష్టపడే వెళ్ళాడు, తలుపు దగ్గర ఆపారు. ఇప్పుడు "నాకెందుకులే" అంటే అది ఇష్టం ఎలా అవుతుంది?

నిదానం_నిదానం

అందుకే అడగమన్నాను. రెండూ బయటికి ఒకేలా వినిపిస్తాయి.

లిథియం_900

నిదానం గారూ, మీ అక్కకి గుంపు ఇబ్బంది అయితే లైను తప్పించే దారి ఉంది. మానసిక జబ్బు 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉన్న 21 వైకల్యాల్లో ఒకటి. వైకల్యం ఉన్నవాళ్ళని లైనులో నిలబెట్టకుండా ముందు పంపాలి. సర్టిఫికెట్ 40 శాతం, ఆపైన ఉంటే ఫారం 12డి పెట్టి ఇంటి దగ్గరే ఓటు వేసే ఏర్పాటు కూడా ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్ళు దాటినవాళ్ళకీ, వీళ్ళకీ ఇచ్చారు. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఫారం ఇవ్వాలి, అదొక్కటే ఇరకాటం. ఎవరూ ముందుగా చెప్పరు, తెలిసేసరికి గడువు అయిపోతుంది.

సూర్యాపేట_88

ఇంటికొచ్చి ఓటు వేయించుకుంటారు అంటే వీధంతా చూస్తుంది. అప్పటిదాకా తెలియనివాళ్ళకి కూడా జబ్బు సంగతి తెలిసిపోదా?

లిథియం_900

తెలుస్తుంది. అందుకే నేను పెట్టుకోలేదు. జాబితాలో వైకల్యం ఉందని రాయించుకోవడానికి ఫారం 8 ఉంది, అదీ రాయించుకోలేదు. రాయించుకుంటే లైను తప్పుతుంది, లేకపోతే పరువు దక్కుతుంది. రెండింట్లో ఏది కావాలో ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి, ఇంట్లోవాళ్ళు తేల్చకూడదు.

వార్డు_అక్క

నేను మానసిక వైద్యశాలలో సోషల్ వర్కర్‌ని. ఊరు చెప్పను. ఇంట్లో ఉన్నవాళ్ళ గురించే అందరూ మాట్లాడారు, లోపలున్నవాళ్ళ గురించి నేను చెబుతాను.

1950 చట్టం 20వ సెక్షన్‌లో ఒక మాట ఉంది. మానసిక వైద్యశాలలో రోగిగా ఉన్నంత మాత్రాన ఆ మనిషి అక్కడి నివాసి అయిపోడు. అంటే మూడు నెలలు చికిత్సకి వచ్చినా ఓటు సొంత ఊళ్ళోనే ఉంటుంది. వినడానికి బాగుంది. జరిగేదేమిటంటే, జాబితా సవరణకి వచ్చినవాళ్ళు "మనిషి ఉన్నాడా" అని అడుగుతారు, ఇంట్లోవాళ్ళు "లేడు" అంటారు. ఎక్కడున్నాడో చెప్పడానికి సిగ్గు. ఊరు వదిలి వెళ్ళిపోయినట్టు రాసుకుంటారు. బాగై ఇంటికి చేరిన మనిషికి మొదట తెలిసే సంగతి తన పేరు లేదని. మా దగ్గర డిశ్చార్జి అయ్యేవాళ్ళకి మందుల చీటీతో పాటు ఓటరు జాబితా చూసుకోమని ఒక కాగితం ఇస్తున్నాను. ఇది నా పై అధికారులు చెప్పిన పని కాదు, నేనే మొదలుపెట్టాను.

ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోయినవాళ్ళ సంగతి ఇంకా కష్టం. ఇంటివాళ్ళు రారు, ఆధార్ ఉండదు, పుట్టిన ఊరి పేరు కూడా గుర్తుండదు. అలాంటివాళ్ళకి కూడా దారి చూపించింది చెన్నై. 2019 ఏప్రిల్ 18న కీల్పాక్‌లోని మానసిక ఆరోగ్య సంస్థ ఆవరణలోనే పోలింగు కేంద్రం పెట్టారు. వందమందికి పైగా రోగులు ఓటు వేశారు. ఆ ఫోటోలు మా వార్డులో చూపించినప్పుడు ఒక పెద్దావిడ, పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నారు, "ఆ గుడ్డ సంచీ పట్టుకున్నామె చీర బాగుంది, మనమూ అలా తయారై వెళ్ళాలి" అన్నారు. ఆవిడ కార్డు కోసం రెండేళ్ళుగా తిరుగుతున్నాను.

రిటైర్డ్_మాస్టారు

అమ్మా, ఆ కాగితం ఆలోచన చాలా బాగుంది. మిగతా ఆసుపత్రులవాళ్ళకి కూడా చెప్పండి.

లీడ్స్_నుంచి

నేను ఇంగ్లండులో మానసిక వార్డులో నర్సుని, సొంతూరు నిజామాబాద్. ఇక్కడ కూడా పాత రోజుల నుంచి వచ్చిన ఒక న్యాయసూత్రం ప్రకారం మతి సరిగా లేనివాళ్ళకి ఓటు లేదనేవాళ్ళు. 2006లో చట్టం చేసి దాన్ని తీసేశారు. ఇప్పుడు నేరం కేసులో కోర్టు పంపినవాళ్ళు తప్ప వార్డులో ఉన్నవాళ్ళందరూ ఓటు వేయొచ్చు. ఎక్కువకాలం ఉంటే ఆసుపత్రి చిరునామా మీదే నమోదు చేసుకోవచ్చు.

కానీ చట్టం ఉన్నా మర్చిపోయేది మేమే. షిఫ్టు హడావిడిలో నమోదుకి ఆఖరి తేదీ దాటిపోతుంది. అందుకే మందుల ట్రాలీ పక్కన ఆ తేదీ రాసి అంటించాం. రోజూ మాత్ర తీసుకోవడానికి వచ్చేవాళ్ళ కళ్ళకి అది కనబడాలని.

నిక్కచ్చి గారి అనుమానం యూరప్ కోర్టు దాకా వెళ్ళింది. హంగరీలో బైపోలార్ ఉన్న ఒకాయన్ని పాక్షికంగా గార్డియన్ కింద పెట్టారని ఓటు తీసేశారు. ఒక్కొక్కరి పరిస్థితి చూడకుండా గార్డియన్ ఉన్నవాళ్ళందరికీ ఓటు తీసేయడం చెల్లదని 2010లో ఆ కోర్టు తేల్చింది. మన దేశం కూడా 2007లోనే ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. దాని 29వ అధికరణం మొత్తం దీని గురించే.

నిక్కచ్చి_మనిషి

సరే, ఒప్పుకుంటున్నాను. ఒక్కొక్కరినీ చూడకుండా గుంపుగా తీసేయడం తప్పే. నా భయం ఇంకా పోలేదు, కానీ దానికి మందు ఓటు తీసేయడం కాదు.

గోదారి_గట్టు

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. మైకు పట్టుకున్న ప్రతి నాయకుడూ ఎదుటివాణ్ణి పిచ్చోడు అంటాడు. ఆ సభకి మన తెనాలి అన్నయ్య లాంటివాళ్ళు కూడా వెళ్తారు కదా, వాళ్ళకెలా ఉంటుంది? 2023 డిసెంబరులో ఎన్నికల సంఘం పార్టీలకి రాసింది, గుడ్డి, మూగ, పిచ్చి లాంటి మాటలు ప్రసంగాల్లో తిట్లుగా వాడొద్దని. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో మా జిల్లాలో మైకులు ఏమీ మారలేదు.

సూర్యాపేట_88

నాయకులదాకా ఎందుకు. "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అనే మాట మా ఇంట్లో రోజూ వినబడుతుంది. ఎక్కువగా అనేది నేనే. బాబాయి అక్కడే కూర్చుని ఉంటాడు. ఇవాళ్టి నుంచి మానేస్తాను.

లిథియం_900

ఎర్రగడ్డకి వెళ్ళే నేను బాగై వచ్చాను అన్నా. మీ బాబాయికి నా మాటగా చెప్పండి.

వకాల్తా_నామా

తెనాలి చెల్లెమ్మ అడిగిన అసలు పనికి వస్తాను. మీ అమ్మగారు నోటిమాటగా చెప్పినంత మాత్రాన పేరు పోదు. పేరు తీయడానికి ఫారం 7 ఉంది. అందులో కారణాలు చనిపోవడం, వయసు చాలకపోవడం, ఊరు మారడం, రెండుచోట్ల పేరుండటం, పౌరసత్వం లేకపోవడం. జబ్బు అనే గడే లేదు. ఎవరైనా అబద్ధం రాసి ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. తీసే ముందు మీ అన్నయ్యకి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అయినా తీసేస్తే కలెక్టరుకి అప్పీలు ఉంటుంది.

పంచాయతీ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. కానీ వాళ్ళ జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది. కాబట్టి ముందు అందులో పేరు ఉందో లేదో ఇవాళే చూడండి. ఫోన్‌లో చూడటం కుదరకపోతే ఓటరు హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేయండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ

తల్లీ, మీ అమ్మని ఏమీ అనకు. పేరు తీసెయ్యమన్నది కొడుకు మీద ప్రేమ లేక కాదు. అరగంట ఆ కుర్చీని ఆవిడ కూడా చూసింది కదా. నేనైతే ఆ రోజే తీయించేసేదాన్ని.

తెనాలి_చెల్లి

వారం తర్వాత వస్తున్నాను. అందరివీ చదివాను, కొన్ని అన్నయ్య పక్కన కూర్చుని చదివాను.

పేరు ఉంది. ఫోన్‌లో చూపిస్తే వరస సంఖ్య తనే కాగితం మీద రాసుకున్నాడు.

నిదానం గారు చెప్పినట్టు ఎందుకు వద్దంటున్నాడో అడిగాను. మోటారు దగ్గర, ఇద్దరమే ఉన్నప్పుడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఓటు వద్దని కాదు. మళ్ళీ కూర్చోబెడతారని." మాస్టారు రాసిన 2 రూపాయల సంగతి చెప్పాను. "అయితే ఆయన నా పేరు చెప్పినప్పుడే అయిపోయిందన్నమాట" అన్నాడు. ఇంటికొచ్చి అదే మాట అమ్మకి చెప్పాడు. అమ్మ ఇంకా సరే అనలేదు. కానీ నిన్న రాత్రి "ఈసారి వాడు ముందు వేయాలి, మనం వెనక" అంది.

మాస్టారూ, మళ్ళీ అదే ఏజెంటు ఉంటే ఏం చేయాలి?

రిటైర్డ్_మాస్టారు

పోలింగుకి ముందే మండల ఆఫీసులో ఒక అర్జీ ఇవ్వండి. పోయినసారి జరిగింది తేదీతో సహా రాయండి, వకాల్తా గారు చెప్పిన 16వ సెక్షన్, 3వ సెక్షన్ రాయండి. నకలు మీద ముద్ర వేయించుకుని జేబులో పెట్టుకోండి. లోపల ఎవరైనా నోరెత్తితే ఆ నకలు నేరుగా ప్రిసైడింగ్ ఆఫీసరు బల్ల మీద పెట్టండి, ఏజెంటుతో వాదన వద్దు. మధ్యాహ్నం ఒంటిగంటప్పుడు లైను పలచగా ఉంటుంది, కానీ ఎండ చూసుకోండి.

లిథియం_900

నీళ్ళ బాటిల్ మర్చిపోవద్దని అన్నయ్యకి చెప్పండి.

తెనాలి_చెల్లి

చెప్పాను. తను వేసుకునేది లిథియం కాదని చెప్పమన్నాడు, బాటిల్ మాత్రం పట్టుకెళ్తాడట. ఇంకొకటి కూడా అడగమన్నాడు. పంచాయతీకి మెషీన్ ఉండదు కదా, బ్యాలెట్ పేపరే. రెండు పేపర్లు ఇస్తారు కదా, ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? మడత ఎలా పెట్టాలి?

రిటైర్డ్_మాస్టారు

2021లో గులాబీది సర్పంచ్‌కి, తెల్లది వార్డు మెంబరుకి. ముద్ర గుర్తు మీద వేసి, ముందు నిలువుగా మడవాలి, తర్వాత అడ్డంగా. అలా మడిస్తే సిరా పక్క గుర్తుకి అంటదు. ఇంట్లో తెల్లకాగితం మీద రెండుసార్లు మడిచి చూసుకోమనండి.